తడిసిన పెట్టెలు

పదకొండేళ్ళు కాశీబుగ్గ జీడి బట్టీలో
పిన్నుతో పొట్టు గీకాను.
వేళ్ళ చివర సొన కాల్చిన నలుపు,
హాజరు మిషను ఇప్పటికీ నన్ను గుర్తుపట్టదు.
పన్నెండో ఏట షావుకారు
"ఇంటరు పాసయినావు కదేటి ఢిల్లేశ్వరీ" అని
కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు.
రాటర్‌డామ్‌లో సరుకు కొనేవాళ్ళకి
ఉత్తరాలు నేనే రాయాలంట.
ఇంగ్లీషులో.

తెలుగులో నాతో గెలవడం కష్టం.
ఎవరు చేసారో చెప్పకపోయినా వాక్యం నడుస్తుంది,
క్రియ చివర్న వచ్చి తలుపేస్తుంది.
వాళ్ళకి పని ముందే చెప్పీయాలి,
సామాను వెనకనించి మోసుకురావాలి.
పైగా ప్రతి పేరుకీ ముందొక బంట్రోతు:
ఎ నడవాలా, ది నడవాలా,
ఆ పూట ఇద్దరికీ సెలవా?

అందుకే రాత్రి ఏడింటికి మొగిలిపాడు వెళ్తాను.
తవిటయ్య గారు. తంతి ఆఫీసులో ముప్ఫయ్యొక్కేళ్ళు.
ఫీజు గుప్పెడు ముక్కలు,
పళ్ళు లేనోడికి గుండుపప్పు దండగంటాడు.

మాటకింతని డబ్బు కట్టే రోజుల్లో
ఎ లూ ది లూ కొట్టేసి
జనానికి రూపాయిలు మిగిల్చిన మనిషి.
ఇప్పుడు ఎర్ర పెన్సిలుతో
నా ఉత్తరంలో వాటినే తిరిగి నాటుతున్నాడు,
మడిలో చచ్చిన చోట నారు కుక్కినట్టు.
"ఎన్ని పీకీసినానో అమ్మీ,
లెక్కెట్టి నాటించేస్తన్నాడు దేవుడు."

కామా అంటే నాకు ఇష్టం.
అది అచ్చం జీడిపప్పే కదా,
అదే వంపు, అదే తోక.
ఇన్నేళ్ళూ ఒలిచిన చేతులు, ఆగుతాయా?
ఊపిరి తీసిన చోటల్లా ఒకటి రాల్చాను.

ఆ నెల ఓడలో నీళ్ళు దిగాయి.
ఏడువందల పెట్టెల్లో ముప్ఫయ్యారు తడిసాయి.
నేను రాసాను:
పెట్టెలు, కామా, ఏవైతే తడిసాయో, కామా,
మేము వెనక్కి తీసుకుంటాము.

పెన్సిలు అక్కడ ఆగిపోయింది.
"ఈ రెండూ ఎందుకేసినావు?"
"ఊపిరి తీసుకున్నానండి."
"నీ ఊపిరి ఖరీదు ఏడొందల పెట్టెలే గుంటా.
ఇవి ఉంటే పెట్టెలన్నీ తడిసిపోయినట్టు.
తీసీ. తీసీస్తే తడిసినవే తడిసినట్టు."

తీసేసాను.
తెర మీద ఏమీ మారినట్టు లేదు.
నాకు మాత్రం చెమట పట్టింది.

అప్పుడు, నేనడక్కుండానే, చెప్పాడు.
మందసనించి ఒకాయన, జొరంతో ఒణుకుతా,
ఖరగ్‌పూర్ వర్కుషాపులో తమ్ముడికి తంతి కొట్టమన్నాడంట.
ఆగకుండా రా అని.
డూ నాట్ స్టాప్ కమ్.
"నాను కొట్టీసినాను.
మా తంతిలో స్టాపంటే చుక్క.
ఆ గుంటడు ఏటని సదువుకోవాల?
వద్దు, చుక్క, రా.
ఎల్లాలా మానాలా అని ముగ్గుర్ని అడిగి
ఒక రోజు పోగొట్టుకున్నాడు.
ఆడొచ్చీసరికి"

అక్కడ ఆయన చుక్క పెట్టలేదు.
ముక్కొకటి నోట్లో వేసుకుని
చాలాసేపు నానబెట్టాడు.
పలాస స్టేషన్లో ఏదో గూడ్సు
ఆగిందో, ఆగకుండా పోయిందో.

మర్నాడు రాటర్‌డామ్ జవాబొచ్చింది.
నోటెడ్ థాంక్స్.
మొదటి అక్షరం చిన్నది,
మధ్యన కామా లేదు,
చివర చుక్క లేదు.

ఫోను చూపిస్తే అటూ ఇటూ తిప్పాడు,
చుక్క ఎక్కడైనా జారి పడిందేమో అన్నట్టు.
"ఆళ్ళ బాస. ఆళ్ళకి చెల్లుతాది."
అన్నాడు గానీ ఉండబట్టలేదు.
అద్దం మీద, ఆ చివరి అక్షరం పక్కన,
గోటితో ఒకటి పెట్టాడు.

అది అంటుకోలేదు.
బదులుగా కీబోర్డు పైకి లేచింది,
మీరే రాయండి అన్నట్టు.